పాత కార్లలో కొయ్య తాపడం, దాని పూతలు: హైదరాబాద్ చరిత్ర

పాత కార్లలో డ్యాష్‌బోర్డుకు, తలుపుల పై అంచులకు, కిటికీ చట్రాలకు వాడిన చెక్కను బాగుచేసి మళ్లీ పూత వేయడం వడ్రంగం, పాలిష్ పని, రసాయనాల తెలివి మూడూ కలిసిన విద్య. హైదరాబాద్‌లో దీని చరిత్ర నిజాంల కార్ల దగ్గర మొదలై, నేడు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అపార్టుమెంట్ల సెల్లార్లలో కవరు కింద ఉన్న కార్ల దాకా వస్తుంది.

గుర్రపు బగ్గీలు కట్టినవాళ్లే తొలి కార్ల బాడీలనూ కట్టారు. కార్ల కంపెనీ ఇంజనూ ఛాసిస్సూ ఇచ్చేది. బాడీ పనివాళ్లు యాష్ కర్రతో చట్రం బిగించి, దానిమీద లోహపు రేకు తొడిగేవారు. 1710లో మొదలైన లండన్ బార్కర్ సంస్థ అలా బగ్గీల నుంచి రోల్స్ రాయిస్‌ల దాకా వచ్చింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన సిల్వర్ ఘోస్ట్‌కు బాడీ కట్టింది వాళ్లే. పసుపు రంగు కారు. వెనక భాగంలో ప్రభువు కోసం ఎత్తుగా అమర్చిన ఆసనం. అందుకే దానికి త్రోన్ కార్ అనే పేరు. 1911 ఆగస్టు 29న మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూయడంతో అది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు చేరింది. ఇప్పుడది చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. సంపన్నుల కార్లకే పరిమితం కాదు ఈ కొయ్య పని. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా విభాగం ప్రారంభించింది. ఆ కాలపు బస్సు బాడీలు సాధారణంగా కర్ర చట్రం మీద కట్టినవే. ఊళ్లోని వడ్రంగికి మోటారు బండితో పని పడింది ఆ రోజుల్లోనే కావచ్చు.

లోపలి అలంకారం వేరే కథ. అక్కడ ఎక్కువగా కనిపించేది వాల్‌నట్ కణుపుల నుంచి కోసిన సన్నని పొర. మందం మిల్లీమీటరు కంటే తక్కువ. పక్కపక్కనే కోసిన రెండు పొరలను పుస్తకం తెరిచినట్టు విప్పి అతికితే గీతలు ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల్లా కుదురుతాయి. ఒక కారుకు కావలసిన పొరలన్నీ ఒకే దుంగ నుంచి తీయడం మేలైన కంపెనీల పద్ధతి. ఒక తలుపు చెక్క విరిగితే దానికి జత దొరకడం కష్టమయ్యేది ఇందువల్లే.

పూతలు

కార్ల తొలి రోజుల్లో చెక్కకు రెండు రకాల పూతలుండేవి. అవిసె నూనెలో చెట్ల బంకలు కాచిన వార్నిష్ ఒకటి, స్పిరిట్‌లో కరిగించిన లక్క మరొకటి. లక్క మన దేశపు సరుకు. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు స్రవించే బంకను గీకి, శుద్ధిచేసి రేకులుగా తీస్తారు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో బొమ్మల పనివాళ్లు దాన్ని స్పిరిట్‌లో కలపరు. తిరిగే అంకుడు కొయ్యకు లక్క కడ్డీని ఆనిస్తే, ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మలు హైటెక్ సిటీలోని శిల్పారామం అంగళ్లలోనూ అమ్ముడవుతాయి. ఇంగ్లండులో కార్లకు మెరుగు పెట్టిన ఫ్రెంచ్ పాలిష్ అనే స్పిరిట్ లక్క పూతకూ, మన పిల్లలాడుకునే లక్కబొమ్మకూ మూలం ఒకే పురుగు. ఈ విద్య మనకు పరాయిది కాదని నా గట్టి అభిప్రాయం.

1920ల్లో పరిస్థితి మారింది. డ్యూపాంట్ సంస్థ తెచ్చిన డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ రంగును 1924 మోడల్ ఓక్‌లాండ్ కార్లకు వేశారు. వారాల తరబడి ఆరాల్సిన పూత గంటల్లో ఆరింది. లాకర్లు అనే ఆ జాతి పూతలు చెక్కపైకీ వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పాలియెస్టర్, ఆపైన పాలియురేతేన్ వచ్చి గాజులా మందంగా మెరిసే పూతకు దారితీశాయి. అదే కాలంలో అసలు చెక్కే వెనక్కి పోయింది. అమెరికా స్టేషన్ వ్యాగన్ కార్లలో దాని స్థానంలో చెక్క గీతలు అచ్చేసిన పలచని పొర అతికారు. బ్రిటన్‌లో మాత్రం మోరిస్ మైనర్ ట్రావెలర్ 1953 నుంచి 1971 దాకా యాష్ చట్రంతోనే తయారైంది. దాని కొయ్య పుచ్చితే బండి బలమే పోతుంది.

పాడవడం, బాగుచేయడం

హైదరాబాద్ ఎండే ఈ పనికి పెద్ద పరీక్ష. వేసవిలో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటగలదు. పాత కార్లలో పొరను అతికింది జంతువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసిన సరేసుతో. అది ఆ వేడికి మెత్తబడి అంచులు లేస్తాయి. ఆ వెంటనే వానాకాలం తేమకు అడుగు చెక్క అడ్డంగా ఉబ్బుతుంది. పైన గట్టిపడిన పూత దానితోపాటు సాగలేక పగులుతుంది. వెలుతురుకు వాల్‌నట్ రంగు కూడా వెలిసిపోతుంది.

అందుకే మొదటి పని పూతను గుర్తించడం. కనిపించని అంచున స్పిరిట్ చుక్క వేస్తే మెత్తబడేది లక్క. థిన్నర్‌కు కరిగేది నైట్రోసెల్యులోజ్. రెండింటికీ లొంగనిది పాలియెస్టరో పాలియురేతేనో అయ్యుంటుంది. ఈ పరీక్ష చేయకుండా సాండ్‌పేపరు పట్టుకోవడం ప్రమాదం. పొర అంత సన్నం కాబట్టి నాలుగు గట్టి రుద్దుళ్లకు అడుగు చెక్క బయటపడుతుంది. పోయిన గీతలు తిరిగి రావు. లేచిన పొరకు తడిగుడ్డ మీదుగా వెచ్చని ఇస్త్రీ తగిలించి నొక్కితే పాత సరేసు మళ్లీ పట్టుకుంటుంది. ఊడిపోయిన చోట గీతల దిక్కు చూసి అతుకు వేస్తారు, రంగు కుదుర్చుతారు, పలచని పూతలు పొరలు పొరలుగా వేస్తారు. వాన పట్టిన రోజున స్పిరిట్ పాలిష్ వేస్తే గాలిలో తేమకు తెల్లబారుతుంది. పొడి రోజు కోసం ఆగాల్సిందే. లక్క ఒక్కటే వేడికి తట్టుకోదు కనుక మైనం తీసిన లక్కను అడుగుపూతగా వేసి, పైన కారు కాలానికి తగిన లాకరు వేయడం మంచి పద్ధతి.

సైబరాబాద్ కాలం

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం ప్రారంభమయ్యాక ఆ చుట్టుపక్కలంతా ఇళ్లతో నిండింది. బీరువాలకు, తలుపులకు పీయూ (పాలియురేతేన్) పాలిష్ మామూలైంది. అదే చేయి పాత కారు డ్యాష్‌బోర్డు మీదికీ వెళ్తోంది. నునుపు, మెరుపు నిజమే. కానీ 1930ల కారుకు ఆ మందపాటి గాజు మెరుపు వేస్తే దాని వయసు చెరిగిపోతుంది. తర్వాత ఎవరైనా సరిదిద్దాలన్నా ఆ పూతను కరిగించడానికి తేలిక దారి లేదు. లక్కను మాత్రం స్పిరిట్‌తో ఎప్పుడైనా తీయొచ్చు, మళ్లీ వేయొచ్చు. సాధ్యమైన చోటల్లా పాత పూతను శుభ్రం చేసి నిలపడమే మొదటి ఎంపిక కావాలి.

కర్ర దొరకడమూ కష్టమైంది. మన జిట్టేగి సహా డాల్బెర్జియా జాతి మొత్తానికి 2017 జనవరి నుంచి అంతర్జాతీయ వ్యాపారంలో అనుమతి పత్రాలు తప్పనిసరయ్యాయి. ఇక పాత కార్ల రిజిస్ట్రేషన్ సంగతికొస్తే, 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని వాహనాలకు వీఏ అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు. పెద్ద మార్పులు జరగకూడదని నిబంధన చెప్పేది ఛాసిస్, బాడీ, ఇంజను గురించే. డ్యాష్‌బోర్డు చెక్కకు ఏ పూత వేయాలో నిర్ణయించేది కారు యజమానీ, పాలిష్ పనివాడూ.