మృగయలో శల్యధర్మం: బాణపు ములికిని గురించి మన పెద్దల మాట



గడచిన విజయదశమి నాడు ఆయుధపూజకై మా కోనసీమ ఆలయానికి కొబ్బరి దింపువారి కత్తులు, వడ్రంగుల ఉలులు, ట్రాక్టరు తాళపుచెవులు వచ్చాయి. వాటి నడుమ ఒక యువకుడు చిన్న పెట్టె నుంచాడు. అందులో మూడు బాణపు ములుకులు ఉన్నాయి. అతడు అమెరికాలో ఉద్యోగి. అక్కడి చట్టం అనుమతించిన ఋతువులో విల్లుతో జింకలను వేటాడే మిత్రులతో చేరాడట. "పంతులుగారూ, వీటిలో జింకకు తగినదేదో మన శాస్త్రాల్లో ఉందాండీ?" అని అడిగాడు. నాడు రెండు మాటలే చెప్పగలిగాను. తక్కినది ఇక్కడ విన్నవిస్తున్నాను.

ముందుగా ఒక సత్యం. మనుస్మృతి సప్తమాధ్యాయం మృగయను కామజ వ్యసనాలలో చేర్చి, మద్యం, జూదాల సరసన అత్యంత హానికరమైన నాలుగింటిలో నిలిపింది. కాబట్టి ఇది వేటకు ప్రశంస కాదు. అయినా క్షత్రియులకు వేట ఆచారమై ఉన్నందున, దానికి హద్దులు కూడా ఏర్పడ్డాయి.

1363 నాటి శార్ఙ్గధర పద్ధతిలోని ధనుర్వేద భాగం ఆరాముఖం, క్షురప్రం, గోపుచ్ఛం, అర్ధచంద్రం, సూచీముఖం, భల్లం, వత్సదంతం, ద్విభల్లం, కర్ణికం, కాకతుండం అని ములుకులను పేర్కొంటుంది. ఒక్కొక్క రూపానికి ఒక్కొక్క ప్రయోజనం. సూదివంటి సూచీముఖం కవచభేదనానికి. వెడల్పైన అలుగు గల భల్లం లోతుగా కోయడానికి. మన బల్లెం అనే మాటలో ఈ భల్లమే వినిపిస్తుంది.

జింకకు కవచం లేదు. సన్నని ములికి చేసే రంధ్రం చిన్నది. గాయపడిన ప్రాణి పొదలలోకి పారిపోయి చిరకాలం యాతన పడుతుంది. వాడియైన వెడల్పు అలుగు రక్తనాళాలను తెగగోసి, అల్పకాలంలో ప్రాణం తీస్తుంది. మొద్దుబారిన అంచు నాళాన్ని కోయక పక్కకు నెట్టివేస్తుంది. అందుచేత ఆకారం కన్న సాన ముఖ్యం. నేటి విలుకాండ్రు వాడే స్థిరఫలపు ములికి భల్లానికి సోదరమే. దాని అలుగులు కాండానికి బిగిసి ఉంటాయి. ముడుచుకొని ఉండి తగిలినప్పుడు విచ్చుకొనే మరొక రకంలో, విచ్చుకోవడానికే కొంత వేగం వ్యయమవుతుంది. ఒక్కొక్కసారి సరిగా విచ్చుకోదు కూడా. కనుక బలం తక్కువైన వింటికి స్థిరఫలమే శ్రేయస్కరం. వీటి తూకం సాధారణంగా 100 లేక 125 గ్రెయిన్లు, అంటే సుమారు 6.5 లేక 8 గ్రాములు.

ఇక శల్యధర్మం. మనువు యుద్ధంలో కర్ణిని, అనగా వెనుకకు తిరిగిన ముళ్ళు గల ములికిని, విషదిగ్ధ బాణాన్ని నిషేధించాడు. కారణం సుశ్రుతుని చదివితే తెలుస్తుంది. శల్యాన్ని వెలికితీయడానికే సూత్రస్థానంలో ఒక అధ్యాయం ఉన్నది. ముళ్ళున్న శల్యాన్ని వచ్చిన దారిన లాగితే మాంసం చీలుతుంది. అది ప్రాణం తీసే సాధనమే కాదు, యాతన పెంచే సాధనం.

ఇది యుద్ధనియమం కదా, మృగానికి వర్తిస్తుందా? ఆదిపర్వంలో పాండురాజు మృగరూపంలోని కిందమ మహర్షిని ఐదు బాణాలతో కొట్టి, శత్రువధలో ఏ వర్తనమో మృగవధలోనూ అదే వర్తనమని సమర్థించుకొన్నాడు. ఆ వాదాన్నే స్వీకరిద్దాం. శత్రువుపై నిషిద్ధమైన కర్ణి మృగంపైనా నిషిద్ధమే అవుతుంది. నేడు అమెరికాలోని పలు రాష్ట్రాలు సైతం వేటలో ముళ్ళ ములుకులను నిషేధించాయి.

ఎంత మంచి ములికియైనా గురిని నిర్ణయించలేదు. శబ్దాన్ని నమ్మి దశరథుడు మునికుమారుణ్ణి కొట్టాడు. భాగవతం ఏకాదశ స్కంధంలో జరుడనే వ్యాధుడు, ముసలంలో మిగిలిన ఇనుముతో చేసిన ములికిని సంధించి, శ్రీకృష్ణుని పాదాన్ని జింక ముఖమని భ్రమించాడు. ఇద్దరి ఆయుధాలూ గొప్పవే, చూపే లోపించింది. ఇక శ్రీకాళహస్తిలో తిన్నడు తన బాణంతో తన కన్నునే పెకలించి శివునికి అర్పించాడు. ఆ కిరాతుణ్ణి మనం కన్నప్పగా పూజిస్తున్నాం, వేటకు కాదు, త్యాగానికి.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడడం నేరం. కృష్ణసారం స్వేచ్ఛగా సంచరించే దేశమే యజ్ఞార్హమని మనువు చెప్పాడు. ఆ కృష్ణజింకయే నేడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. ఆ మృగం కనుమరుగైతే దేశానికి ఆ లక్షణమూ లోపించినట్టే.

ఆ పెట్టెలోని మూడింటిలో ఒకదానికి ముళ్ళున్నాయి. దానిని వేరుచేసి, "దెబ్బ తిన్న జింక కనబడకపోతే ఏం చేస్తావు నాయనా?" అని అడిగాను. అతడు కొంతసేపు మాటలాడలేదు. "దొరికేదాకా వెదకాలండీ" అన్నాడు.

తక్కిన రెండింటికి కుంకుమ పెట్టాను. అది వధకు అనుమతి కాదు, ఆ మాటకు సాక్ష్యం. ముళ్ళ ములికిని అతడు తిరిగి అడగలేదు.

స్వస్తి.