రికార్డు రెండో వైపు

‘ట్రైబల్ డబ్’ పేరుతో వచ్చే సంకలనం ఏదైనా సరే, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ముందు బేస్ వస్తుంది. చెవికంటే ముందే ఛాతీకి తెలుస్తుంది. దాని మీద చేత్తో వాయించే డోళ్లు, ఆ పైన సింథసైజర్ మోత. కాసేపటికి ఎక్కడినుంచో ఒక గొంతు లేస్తుంది. ఏ భాషో తెలియదు, ఏ ఊరో తెలియదు. ఒక మాట పలికి ఆగిపోతుంది. ఆ మాట నాలుగైదుసార్లు మారుమోగి సన్నగిల్లిపోతుంది. ఈ సంగీతమంటే నాకు ప్రాణం. అందుకే ఆ గొంతు ఎవరిదా అని కవరు మీద వెతుకుతాను. ట్రాక్ కట్టినవాళ్ల పేర్లుంటాయి, కంపెనీ పేరుంటుంది. పాడిన మనిషి పేరు చాలాసార్లు ఉండదు.

ఈ సంగీతం పుట్టినచోట సంగతి వేరు. అక్కడ తీసేసింది గొంతునే. పేరును కాదు.

అది జమైకా, 1960ల చివరి రోజులు. రాజధాని కింగ్‌స్టన్‌లోనూ చుట్టుపక్కలా సౌండ్ సిస్టమ్‌ల కాలం. బీరువాలంత స్పీకర్లు వీధిలో దించి, రాత్రంతా రికార్డులు వేసి జనాన్ని ఆడించేవారు. ఎవరి దగ్గర కొత్త పాట ఉంటే జనం వారి దగ్గర. స్పానిష్ టౌన్‌లో సౌండ్ సిస్టమ్ నడిపే రడ్డీ రెడ్‌వుడ్ ఒకరోజు ట్రెజర్ ఐల్ స్టూడియోలో పారగాన్స్ బృందం పాడిన ‘ఆన్ ద బీచ్’ పాటకు తన కోసం ప్రత్యేకంగా డిస్కు కోయించుకున్నాడు. ఇంజినీరు పొరపాటున గాత్రం కలపలేదు. రెడ్‌వుడ్ ఆ డిస్కును పారేయలేదు. డ్యాన్సులో ముందు అసలు పాట వేశాడు, వెంటనే గొంతు లేనిది వేశాడు. ఖాళీ అయిన చోట జనమే పాట అందుకున్నారు. డబ్ సంగీత చరిత్ర చెప్పేవాళ్లు చాలామంది మొదలుపెట్టేది ఈ ఘటనతోనే. ఆ తర్వాత జమైకా రికార్డులకు రెండో వైపు ఇంకో పాట వేయడం తగ్గిపోయింది. అదే పాటను గొంతు తీసి ఎక్కించి, లేబుల్ మీద ‘వెర్షన్’ అని అచ్చేశారు. గాయకుడు లేడు గానీ, ఆ పాట ఎవరిదో అక్కడ ఆడుతున్న ప్రతివాళ్లకూ తెలుసు.

దీన్ని ఒక కళగా నిలబెట్టినవాడు కింగ్ టబ్బీ. అసలు పేరు ఆస్‌బోర్న్ రడ్డాక్. వృత్తి రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేయడం. వాటర్‌హౌస్ పేటలో డ్రొమిలీ అవెన్యూలోని ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకున్నాడు. డైనమిక్ సౌండ్స్ స్టూడియో వాళ్లు వద్దనుకున్న నాలుగు ట్రాకుల మిక్సింగ్ కన్సోల్ కొని, తనకు కావాల్సినట్టు మార్చుకున్నాడు. అందులో పనిచేసేది చెయ్యి. ఒక ఫేడర్ కిందికి లాగితే గిటారు మాయమవుతుంది, బేస్, డ్రమ్ము మాత్రం మిగులుతాయి. గాయకుడి మాటను సగంలో ఎకో యంత్రానికి పంపితే, టేపు తిరిగినకొద్దీ ఆ సగం మాటే మళ్లీ మళ్లీ పలుకుతుంది. ఒక పెద్ద నాబ్‌ను తిప్పుతూ పోతే సవ్వడి అడుగు నుంచి పైకి చిక్కి, తాళాల చప్పుడు ఒక్కటే గీరుతున్నట్టు వినిపిస్తుంది. స్ప్రింగ్ రివర్బ్ పెట్టెను చేత్తో ఒక్కటి కొడితే పిడుగు. ఇదంతా టేపు నడుస్తుండగానే, అప్పటికప్పుడు చేయాలి. అందుకే ఒకే పాటకు ఆయన చేసిన రెండు మిక్సులు ఒకలా ఉండవు. ఇప్పుడు కంప్యూటరులో మౌసు నొక్కి తెచ్చే మోతలన్నిటికీ మూలం ఆ చేతులే. 1989 ఫిబ్రవరిలో ఆయన్ను ఇంటి ముందే కాల్చి చంపారు.

అదే ఊళ్లో సంగీత నిర్మాత లీ పెర్రీ 1973లో తన ఇంటి పెరట్లో బ్లాక్ ఆర్క్ స్టూడియో కట్టాడు. టబ్బీది లెక్క తప్పని పనితనమైతే పెర్రీది పూనకం.

మరి ‘ట్రైబల్’ అన్న మాట ఎక్కడిది? డబ్ కంటే పాతదైన డోలు నుంచి. జమైకాలోని రస్తాఫారీ మతస్థులు కొండల్లో గుమిగూడి రాత్రుళ్లు సాగించే న్యాబింగి వాద్యంలో మూడు డోళ్లుంటాయి. పెద్దదాన్ని మెత్త కట్టిన కర్రతో కొడతారు. ‘ఫుండే’ గుండె కొట్టుకున్నట్టు జంట దెబ్బలతో నడక నిలబెడుతుంది. చిన్నది ‘రిపీటర్’, ఆ నడక మీద తన ఇష్టం వచ్చినట్టు మాట్లాడుతుంది. బానిసలుగా వచ్చిన ఆఫ్రికన్ల బురు డోళ్లే వీటికి పూర్వీకులు. కౌంట్ ఆసీ అనే గురువు వీటిని వేరైకా కొండ నుంచి స్టూడియోకు దించాడు. ఫోక్స్ బ్రదర్స్ పాడిన ‘ఓ కరొలైనా’లో వినిపించేది ఆయన బృందం డోళ్లే.

లండన్‌కు ఈ డోళ్లను తెచ్చినవారిలో జమైకాలో పుట్టిన బొంజో అయ్యాబింగి నోవా ఒకరు. ఆన్-యు సౌండ్ కంపెనీ పెట్టిన ఏడ్రియన్ షెర్‌వుడ్‌తో కలిసి ఆయన నడిపిన బృందం ‘ఆఫ్రికన్ హెడ్ చార్జ్’. తొలి ఆల్బమ్ ‘మై లైఫ్ ఇన్ ఎ హోల్ ఇన్ ద గ్రౌండ్’ 1981లో వచ్చింది. అదే ఏడాది సంగీతకారులు బ్రయన్ ఈనో, డేవిడ్ బర్న్ ‘మై లైఫ్ ఇన్ ద బుష్ ఆఫ్ గోస్ట్స్’ తెచ్చారు. నైజీరియా రచయిత ఆమోస్ టుటువోలా నవల పేరు అది. రేడియోలో పట్టిన ప్రసంగాలను, పాత రికార్డుల్లోని గొంతులను వాళ్లు లయ మీద పరిచారు. ఇప్పటి సంకలనాల్లో మనం వినే పద్ధతికి ఈ రెండు ఆల్బమ్‌లూ రెండు పునాదులు. ఒకదానిలో డోలు వాయించే మనిషి స్టూడియోలోనే ఉన్నాడు. రెండోదానిలో పాడిన మనిషి ఎక్కడో ఉన్నాడు. నిజానికి షెర్‌వుడ్, బొంజో కూడా 1990 నాటి ‘సాంగ్స్ ఆఫ్ ప్రెయిజ్’లో పలు దేశాల భక్తిగానాల పాత రికార్డింగులు వాడారు. ఆ ఆల్బమ్‌ను నేను గొప్పదనే అంటాను. అయినా ఆ పాడినవాళ్లు ఎవరన్న ప్రశ్న నన్ను వదలదు.

రికార్డుల్లోని ధ్వని ముక్కలను తీసి వాడుకునే శాంప్లర్లు చవకయ్యాక ఆ రెండో దారే రహదారైంది. ఎక్కడికి దారితీసిందో అఫునక్వా కథ చెబుతుంది. పసిఫిక్ సముద్రంలో సాలమన్ దీవులు. అందులో మలైటా దీవిలో బైగు భాష మాట్లాడే ఆమె 1970 ప్రాంతంలో పరిశోధకుడు హ్యూగో జెంప్ టేపు ముందు ‘రొరొగ్వెలా’ అనే జోలపాట పాడింది. తల్లిదండ్రులు పోయిన పిల్లల్లో పెద్ద బిడ్డ చిన్న బిడ్డను ఓదార్చే పాట అది. 1973లో యునెస్కో సంగీత మాలికలో రికార్డుగా వచ్చింది. 1992లో ఫ్రాన్సుకు చెందిన డీప్ ఫారెస్ట్ జంట ఆ గొంతు తీసి, కింద డ్రమ్ మెషీన్ పెట్టి, ‘స్వీట్ లల్లబై’ చేసింది. ఆల్బమ్ మాట్లాడింది ఆఫ్రికా అడవుల పిగ్మీల గురించి. గొంతు వేరే మహాసముద్రానిది! ఆల్బమ్ లక్షల్లో అమ్ముడైంది, పాట వ్యాపార ప్రకటనలకెక్కింది. తన సమ్మతి లేకుండా ఇలా వాడారని జెంప్ పత్రికాముఖంగా నిరసించారు. 1996లో నార్వే శాక్సఫోన్ విద్వాంసుడు యాన్ గార్బారెక్ అదే వరసను ‘పిగ్మీ లల్లబై’ పేరుతో వాయించాడు. ఒక చోట పేరు పోతే, తర్వాతివాడికి ఊరు కూడా తప్పుతుందన్నమాట. బైగు పిల్లల దుఃఖం ఆఫ్రికా ఖాతాలో పడింది.

కలపడమే తప్పని నేననను. కలపకపోతే డబ్ సంగీతమే లేదు. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా టైటిల్ పాట విన్నవాళ్లకు మొదట్లోనే పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య గొంతు గుర్తుంటుంది. సంగీత దర్శకుడు తమన్ స్టూడియో డ్రమ్ముల ముందు నాగర్‌కర్నూల్ జిల్లా జానపద గాయకుడి పిలుపు. ఆ గొంతు ఎవరిదో మర్నాటికి ఊరూరా తెలిసింది. మరుసటి ఏడు ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పాట చప్పుడు దానివల్ల ఏమీ తగ్గలేదు.

బొంజో 1990ల్లో ఘనాకు వెళ్లి స్థిరపడ్డాడు. డోళ్లు బయలుదేరిన ఖండానికే చేరాడు. 2023లో ఆఫ్రికన్ హెడ్ చార్జ్ కొత్త ఆల్బమ్ ‘ఎ ట్రిప్ టు బోల్గటాంగా’ వచ్చింది. బోల్గటాంగా ఉత్తర ఘనాలో ఉన్న పట్టణం. షెర్‌వుడ్ మిక్సింగ్‌లో ఎకో అదే, బేస్ అదే. రెండు తీగల కొలొగో మీటుతూ ఒక గరుకు గొంతు మధ్యలో వచ్చి పడుతుంది. అది కింగ్ అయిసోబాది. ఆయన పేరు కవరు మీదే ఉంది.