మిరపకాయ కన్నా ముందే కాగిన నూనె

రంజాన్ నెలలో సాయంత్రం అసర్ నమాజు అయిందంటే హైదరాబాద్ చాంద్రాయణగుట్ట ఇళ్లల్లో శనగపిండి గిన్నెలు బయటికొస్తాయి. పొద్దు గూకి మగ్రిబ్ అజాన్ వినగానే ఖర్జూరంతో రోజా విడుస్తారు. పండ్ల ముక్కలు తిన్నాక చేతులు వెళ్లేది ఉల్లిగడ్డ పకోడీల మీదికే, మిర్చి బజ్జీల మీదికే. పక్కనున్న బార్కస్‌లో, నిజాం కొలువుకు యెమెన్ నుంచి వచ్చిన హద్రామీ అరబ్బు సిపాయిల వారసుల దస్తర్‌ఖాన్ మీదా అవి ఉంటాయి. కేశవగిరి గుడి వైపు ఇళ్లకు పండగతో పనిలేదు. ఆషాఢంలో ముసురు పడితే చాలు.

శనగపిండిని నూనెలో వేయించడం ఈ నేలకు చాలా పాతది. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరున ఉన్న 12వ శతాబ్దపు ‘మానసోల్లాసం’లో శనగపిండితో చేసి వేయించే ‘పూరికలు’ ఉన్నాయి. వాటిలో కారానికి వేసింది మిరియం. ఆ తర్వాత ఓరుగల్లును ఏలిన కాకతీయులకూ మిరపకాయ తెలియదు. మిరప, ఆలుగడ్డ, పల్లీ మూడూ అమెరికా ఖండాల పంటలే. 1492లో కొలంబస్ అటు వెళ్లాక, 1510లో గోవా పోర్చుగీసుల చేతికి చిక్కాక, ఒక్కొక్కటిగా మన వైపు వచ్చాయి. అంటే పల్లీనూనెలో వేగుతున్న మిర్చిలో కాయ, నూనె రెండూ సముద్రం దాటొచ్చినవే. పిండి మాత్రం ఇక్కడ ముందునుంచీ ఉన్నదే.

అదే పోర్చుగీసులు 1543లో జపాన్ చేరారు. కూరగాయను పిండిలో ముంచి వేయించే తెంపురా అక్కడ వాళ్ల వల్లే మొదలైందని ఆహార చరిత్రకారులు చెబుతారు. జపాన్‌కు వాళ్లు పద్ధతిని ఇచ్చారు. మనకు శనగపిండిని వేయించే పద్ధతి ముందే ఉంది, కాయను ఇచ్చారు. బజ్జీని పరాయి తిండి అనేవాళ్లతో, అనాదిగా ఇలాగే ఉందనేవాళ్లతో కూడా నేను ఒప్పుకోను.

కొత్తగా వచ్చిన కాయను దారికి తెచ్చింది మన వంటిళ్లే. హైదరాబాదీ మిర్చి గొప్పదనమంతా దాని పొట్టలో ఉంటుంది. కాయను నిలువునా చీరి, చింతపండు గుజ్జులో ఉప్పు, జీలకర్ర, కొందరు నువ్వుల పొడి కూడా కలిపి కూరతారు. కారం ఎక్కువుండేది గింజల్లో కాదు, అవి అంటుకునుండే తెల్లటి పొరలో. చేయి తిరిగిన ఇల్లాలు ముందు దాన్నే గీకేస్తుంది. పులుపు లేని మిర్చి బజ్జీని నేను సగం వంటగానే చూస్తాను.

పిండిలో ఓమ, పసుపు, చిటికెడు సోడా. సోడా ఎక్కువైతే పసుపు ఎర్రబారి గుట్టు బయటపెడుతుంది, బజ్జీ నూనె కూడా పీలుస్తుంది. గుప్పెడు బియ్యప్పిండి వేస్తే కరకరలాడతాయి. కాగిన నూనెలో పిండి చుక్క వేస్తే వెంటనే పైకి తేలాలి. 170-180 డిగ్రీల వేడిలో పిండిలోని నీరు ఆవిరై బయటికి తోసుకొస్తూ నూనెను లోపలికి రానివ్వదు. నూనె చల్లగా ఉంటే ఆ తోపుడు ఉండదు, బజ్జీ జిడ్డు పట్టేస్తుంది.

ఉల్లిగడ్డ పకోడీకైతే నీళ్లు పోయనే వద్దు. ముక్కలకు ఉప్పు పట్టించి పది నిమిషాలు వదిలేస్తే అవే నీరు వదులుతాయి. ఆ తడికి ఎంత పిండి పడితే అంతే.