తీగకు కట్టిన విమానం

ఉద్దానపు కొబ్బరితోటల అంచున గాలిపటం ఎగరవేసే పిల్లవానికి దారపు బిగువు ఎట్లా ఉంటుందో ఎవరూ చెప్పనక్కరలేదు. కోతలు ముగిసిన తరువాత మందస పొలాలలో దొరికే ఖాళీజాగా వంటిదే మనం చెప్పుకోబోయే చిన్నవిమానానికి కూడా కావలసి ఉన్నది. అయితే గాలిపటాన్ని నిలిపేది గాలి. దీనిని నడిపేది దాని ముక్కున ఉన్న చిన్న ఇంజను. వలయం మధ్య నిలిచిన మనిషి చేతిపిడినుంచి సుమారు 60 అడుగుల పొడవున రెండు సన్నని ఉక్కుతీగలు సాగి, రెక్కదగ్గర అమర్చిన మీటను చేరుతవి. పిడిని పైకి వంచితే విమానం ఎక్కుతుంది. క్రిందికి వంచితే దిగుతుంది. ఒక చుట్టు తిరిగి రావడానికి పట్టేది సుమారు అయిదు సెకండ్లు. దీనినే కంట్రోల్ లైన్ పద్ధతి అంటారు.

ఈ పద్ధతిని లోకానికి పరిచయం చేసినవాడు అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరవాసి జిమ్ వాకర్. 1940లో ఆయన ‘ఫైర్‌బాల్’ అనే నమూనాను విపణిలోకి తెచ్చినాడు. 1942లో పేటెంటు పొందినాడు. 1950 దశకంలో కాక్స్ అనే మరొక తయారీదారుపై వ్యాజ్యం వేసినాడు. అక్కడ కథ అడ్డం తిరిగినది. అదే ఆరిగన్ రాష్ట్రానికి చెందిన ఓబా సెయింట్‌క్లెయిర్ అంతకుముందే ఇటువంటి విమానాన్ని ఎగరవేసినట్లు న్యాయస్థానంలో ఋజువైనది. వాకర్ హక్కు చెల్లలేదు. అయినా వేలాది పిల్లల చేతికి ఈ పిడిని అందించిన పుణ్యం ఆయనదేనని నా అభిప్రాయం.

జార్జి ఆల్డ్రిచ్ రూపొందించిన ‘నోబ్లర్’ పటం 1952లో ప్రచురితమైనది. ఆ సంవత్సరమే పాత నమూనాలకు హద్దు అయినది: 1952 డిసెంబరు 31 లోపలివి ‘ఓల్డ్ టైం’ వర్గం, 1969 చివరిలోపలివి ‘క్లాసిక్’ వర్గం. ఇటువంటి నమూనాల కొరకే అరిజోనాలోని టూసాన్‌లో 1989లో ఒక పోటీ ఆరంభమైనది.

పటాలను బీరువాలో భద్రపరచితే చాలదా? చాలదు. పటం కొలతలు చెబుతుంది. చేతి తెలివిని చెప్పదు. కొండపల్లి బొమ్మల పనివాడు తెల్లపొణికి కర్ర గుణం ఎరిగినట్లే, ఇక్కడ బాల్సా పలక తేలికను వేళ్లతో తెలుసుకోవాలి. ఇంజను సంగతి మరీ చిత్రం. ఈథరు, కిరోసిను, ఆముదం కలిపితే డీసెలు జాతి ఇంజనులకు ఇంధనం. ఆముదం మనకు దీపానికీ తలకూ తెలిసినదే! పాత ఇంజనులలో రాపిడి వేడిని తట్టుకొనేది అదే. అది చాలకపోతే అరుదైన ఇంజను నిమిషాలలో పాడవుతుంది. ఎగరవేయనిదే ఈ తెలివి ఒక తరంనుంచి మరొక తరానికి చేరదు.

మన దేశంలో ఎన్.సి.సి. వైమానిక విభాగపు విద్యార్థులకు ఈ తీగవిమానాలు క్రొత్త కాదు. వాయుసైనిక శిబిరాలలో వీటికి పోటీలు ఉన్నవి. నేర్వదలచినవారు విద్యుత్తు తీగల దాపున మాత్రం ఎగరవేయరాదు. చేతిలో ఉన్నది నూలుదారం కాదు, ఉక్కుతీగ.