క్రోషే ఊలు టోపీ: అల్లే విధానం, వెల కట్టే పద్ధతి

శీతకాలంలో సంతలో వేలాడే రెండు ఊలు టోపీలు దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. ఒకటి జత సూదుల అల్లిక అయితే, దానిని మనిషి అల్లి ఉండవచ్చు, యంత్రమైనా అల్లి ఉండవచ్చు. రెండోది క్రోషే అయితే మాత్రం దానిని మనిషి చేతులే అల్లి ఉండాలి. చేతి క్రోషే కుట్టును యథాతథంగా వేసే యంత్రం నేటికీ వాడుకలోకి రాలేదు. అందుకే క్రోషే టోపీని అల్లడం నేర్చుకునేవారు దాని వెల కట్టడం కూడా తెలుసుకోవాలి.

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా బాసగూడ వంటి అటవీ ప్రాంత గ్రామాల్లో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజాము చలి గట్టిగానే ఉంటుంది. అటువంటి చలికి చెవులు కప్పే మందపాటి టోపీని పెద్దల కొలతకు ఎలా అల్లాలో, ఆ పనికి తెలుగు నేలపై ఉన్న చరిత్ర ఏమిటో ఈ కథనం వివరిస్తుంది.

క్రోషే అంటే ఏమిటి?

ఫ్రెంచి భాషలో క్రోషే అంటే చిన్న కొక్కెం. కొస వంపు తిరిగిన ఒకే ఒక కొక్కెంతో, దారపు ఉచ్చులోంచి మరో ఉచ్చును లాగుతూ చేసే అల్లిక ఇది. జత సూదుల అల్లికలో వరుసలోని ఉచ్చులన్నీ సూది మీదే నిలిచి ఉంటాయి. ఒకటి జారితే కింది వరుసలు కూడా విడిపోయే ప్రమాదం ఉంది. క్రోషేలో ఒక్కో కుట్టు పూర్తయిన తరువాతే మరొకటి మొదలవుతుంది. కొక్కెం మీద మిగిలేది ఒకే ఉచ్చు. పొలం పని, వంట పని మధ్యలో ఆపి మళ్లీ అందుకోవడానికి ఈ అల్లిక అనువైనది కావడానికి కారణం ఇదే.

కుట్ల పేర్ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. అమెరికా పద్ధతిలో డబుల్ క్రోషే అనే కుట్టును బ్రిటిష్ పద్ధతిలో ట్రెబుల్ అంటారు. అమెరికా సింగిల్ క్రోషే బ్రిటిష్ వారికి డబుల్. పుస్తకం లేదా వీడియో ఏ పద్ధతిని అనుసరిస్తుందో చూడకుండా మొదలుపెడితే టోపీ కొలత తప్పుతుంది. ఇక్కడ వాడినవి అమెరికా పద్ధతి పేర్లు.

ఏమేమి కావాలి?

మధ్యస్థ మందం గల ఊలు 150 గ్రాములు, 5 మిల్లీమీటర్ల కొక్కెం, కొలత టేపు, కత్తెర, చివర్లు దాచడానికి పెద్ద కన్ను ఉన్న మొద్దు సూది చాలు. వరుస మొదలును గుర్తుపట్టడానికి వేరే రంగు దారపు ముక్క ఒకటి పెట్టుకోవాలి.

గొర్రె ఉన్ని కొంత తడిసినా వెచ్చదనాన్ని నిలుపుతుంది. అయితే వేడినీటిలో నలిపి ఉతికితే కుంచించుకుపోతుంది. యాక్రిలిక్ ఊలు చౌక, ఉతకడం తేలిక. కానీ చెమటను పీల్చదు, ఇస్త్రీ వేడి తగిలితే సాగి పాడవుతుంది. నూలు దారం చర్మానికి మెత్తగా ఉన్నప్పటికీ సాగితే మళ్లీ బిగుసుకోదు. ఉన్ని దురద పుట్టించే వారికి అది ప్రత్యామ్నాయం.

కొలత ఎలా తీసుకోవాలి?

కనుబొమలకు పైన, చెవుల మీదుగా టేపును తల చుట్టూ తిప్పి కొలవాలి. పెద్దలలో ఎక్కువ మందికి ఇది 54 నుంచి 58 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. టోపీ చుట్టుకొలత తల కంటే మూడు నాలుగు సెంటీమీటర్లు తక్కువగా ఉంటేనే అది జారకుండా నిలుస్తుంది.

టోపీని నడినెత్తి నుంచి కిందికి అల్లేటప్పుడు మొదట బల్లపరుపు వృత్తం వస్తుంది. ఆ వృత్తం ఎంత పెద్దది కావాలో తేల్చడానికి టోపీ చుట్టుకొలతను 3.14తో భాగించాలి. తల 56 సెంటీమీటర్లయితే టోపీ 52 సెంటీమీటర్లు, వృత్తం వ్యాసం సుమారు 16.5 సెంటీమీటర్లు. ఊలు మందం, చేతి బిగువు మనిషి మనిషికీ మారతాయి. కాబట్టి కుట్ల లెక్క కంటే ఈ వ్యాసమే నమ్మదగిన కొలత.

నడినెత్తి భాగం

నాలుగు గొలుసు కుట్లు వేసి, స్లిప్ స్టిచ్‌తో కలిపి చిన్న వలయం చేయాలి. ఈ భాగంలో ప్రతి వరుసనూ మూడు గొలుసు కుట్లతో మొదలుపెట్టి, ఆ మూడింటిని ఒక డబుల్ క్రోషేగా లెక్కించాలి.

డబుల్ క్రోషే వేయడానికి దారాన్ని కొక్కెం మీదుగా ఒకసారి చుట్టి, కుట్టులో దూర్చి, దారం లాగాలి. కొక్కెం మీద మూడు ఉచ్చులు ఉంటాయి. మళ్లీ దారం అందుకుని రెండు ఉచ్చుల్లోంచి, ఇంకోసారి అందుకుని మిగిలిన రెండింటిలోంచి లాగితే కుట్టు పూర్తవుతుంది.

మొదటి వరుసలో వలయంలోకి 12 కుట్లు వేయాలి. రెండో వరుసలో ప్రతి కుట్టులో రెండేసి వేస్తే 24 అవుతాయి. మూడో వరుసలో ఒక కుట్టులో ఒకటి, పక్క కుట్టులో రెండు చొప్పున వేస్తే 36 వస్తాయి. నాలుగో వరుసలో రెండు కుట్లలో ఒక్కొక్కటి, మూడో దానిలో రెండు వేస్తే 48. ఇలాగే వరుసకు 12 చొప్పున పెంచుతూ పోతే ఐదో వరుసలో 60, ఆరో వరుసలో 72 కుట్లు ఉంటాయి. ప్రతి వరుస చివర స్లిప్ స్టిచ్‌తో కలపాలి.

వృత్తం గిన్నెలా ముడుచుకుంటే చేయి బిగువైందని, అంచు అలలుగా లేస్తే చేయి వదులైందని అర్థం. కొక్కెం ఒక సైజు మార్చితే సరిపోతుంది.

బుట్ట అల్లిక

బస్తర్ సంతల్లో కనిపించే వెదురు బుట్టలో ఒక బద్ద పైకి, మరో బద్ద లోపలికి పోతూ గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. ఊలుతోనూ అదే రూపం తేవచ్చు. దీనికి కొక్కెాన్ని కుట్టు తలలో కాక, కింది వరుసలోని కుట్టు కాడ చుట్టూ తిప్పాలి.

కొక్కెాన్ని కాడకు కుడివైపున ముందు నుంచి వెనక్కు దూర్చి, ఎడమవైపున మళ్లీ ముందుకు తీసి డబుల్ క్రోషే పూర్తిచేస్తే ఆ కుట్టు పైకి ఉబ్బుతుంది. వెనుక నుంచి ముందుకు దూర్చి, మళ్లీ వెనక్కు తీస్తే లోపలికి అణుగుతుంది. సౌలభ్యం కోసం వీటిని ఉబ్బు కుట్టు, లోతు కుట్టు అనవచ్చు. ఎడమచేతి వాటం వారు దిశను తిప్పుకోవాలి.

ఇక్కడి నుంచి కుట్లు పెంచనవసరం లేదు. వరుస మొదట రెండు గొలుసు కుట్లు వేయాలి కానీ వాటిని లెక్కలోకి తీసుకోకూడదు. నాలుగు ఉబ్బు కుట్లు, నాలుగు లోతు కుట్లు చొప్పున తొమ్మిది సార్లు వేస్తే 72 పూర్తవుతాయి. రెండో వరుస కూడా ఇలాగే వేయాలి. మూడు, నాలుగు వరుసల్లో క్రమం తిరగబడుతుంది. ఉబ్బు మీద లోతు, లోతు మీద ఉబ్బు వేయాలి. ఈ నాలుగు వరుసల క్రమాన్ని మూడుసార్లు చేస్తే టోపీ చెవుల దగ్గరకు దిగుతుంది.

ఈ గళ్లు అందం కోసమే కాదు. ఉబ్బెత్తుల మధ్య నిలిచే గాలి వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. అందుకే ఈ అల్లికకు సాదా టోపీ కంటే ఎక్కువ ఊలు పడుతుంది.

అంచు, సంరక్షణ

చివరగా ఒక ఉబ్బు కుట్టు, ఒక లోతు కుట్టు చొప్పున నాలుగైదు వరుసలు వేస్తే సాగి మళ్లీ బిగుసుకునే పట్టీ వస్తుంది. అంచును పైకి మడవాలనుకుంటే మరో నాలుగు వరుసలు కలపాలి. దారం కొసను మొద్దు సూదితో లోపలి కుట్లలో మూడు దిక్కులుగా తిప్పి దాచాలి. ముడి వేసి కత్తిరిస్తే అది నుదుటికి గుచ్చుకుంటుంది.

టోపీని చల్లటి నీటిలో పిండకుండా ఉతికి, నీడలో పరచి ఆరబెట్టాలి. తడి టోపీని దండెం మీద వేలాడదీస్తే దాని బరువుకే సాగిపోతుంది.

నరసాపురం చెప్పే పాఠం

బాసగూడను తాకి ప్రవహించే తాలిపేరు తెలంగాణలోకి ప్రవేశించి గోదావరిలో కలుస్తుంది. అదే గోదావరి వశిష్ఠ పాయగా సముద్రానికి చేరువయ్యే చోట పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ఉంది. తెలుగు నేలపై క్రోషేకు ఇల్లు ఆ పట్టణం.

స్కాట్లాండ్ నుంచి వచ్చిన మక్రే మిషనరీ దంపతులు 1844లో ఇక్కడి మహిళలకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. సరిగ్గా ఆ దశాబ్దంలోనే ఐర్లండ్‌ను బంగాళాదుంప కరవు కుదిపివేసింది. అక్కడి పేద కుటుంబాలకు కూడా క్రోషే లేసు ఆదాయ మార్గమైంది. ఒక కొక్కెం, కొంత దారం తప్ప పెట్టుబడి అక్కరలేకపోవడం రెండు చోట్లా ఈ పనికి బలమైంది.

అదే దాని బలహీనత కూడా అయింది. జర్మన్ సామాజికవేత్త మారియా మీస్ నరసాపురం లేసు కార్మికులపై చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వెలువడింది. ఏజెంట్లు దారం ఇచ్చి వెళ్లడం, మహిళలు ఇళ్లలో అల్లడం, ముక్కల లెక్కన కూలి చెల్లించడం అప్పటి పద్ధతి. విడి పూలు అల్లడాన్ని చేతిపని అని, వాటిని కలపడాన్ని అతుకుపని అని పిలిచేవారు. ఒకరికి తెలిసింది మరొకరికి తెలియకపోవడంతో, మొత్తం వస్తువు విదేశాల్లో ఎంతకు అమ్ముడవుతుందో చాలామందికి అంతుపట్టేది కాదు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా, ఆ పనిని గృహిణుల తీరిక వేళ కాలక్షేపంగానే లెక్కించేవారని, దక్కే కూలి వ్యవసాయ కూలీల కనీస వేతనం కంటే ఎంతో తక్కువని మీస్ నమోదు చేశారు.

నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. దీనివల్ల ఇతర ప్రాంతాల సరుకును ఆ పేరుతో అమ్మడం చట్టరీత్యా కుదరదు. అయితే ఆ గుర్తింపు పేరును కాపాడుతుందే తప్ప గంట పనికి ఎంత ఇవ్వాలో నిర్ణయించదు.

వెల ఎలా కట్టాలి?

పైన వివరించిన టోపీకి అలవాటైన చేతికి కూడా నాలుగైదు గంటలు పడుతుంది. అమ్మదలచినవారు మొదటి రెండు మూడు టోపీలకు మొదలుపెట్టిన వేళ, ఆపిన వేళ కాగితం మీద రాసుకోవాలి. ఆ గంటలను, స్థానికంగా ఇతర పనులకు దొరికే గంట కూలితో గుణించాలి. దానికి ఊలు ధర, సంతకు వెళ్లివచ్చే ఖర్చు కలిపితే వచ్చేది టోపీ అసలు వెల. ఊలు ధర మీద కొద్దిపాటి లాభం వేసుకుని అమ్మితే, చేతిపని ఉచితంగా ఇచ్చినట్లే అవుతుంది.

కొనేవారికీ ఇదే లెక్క వర్తిస్తుంది. క్రోషే టోపీ ధర అందులోని ఊలు ధరకు దగ్గరగా ఉందంటే, ఎక్కడో ఒకరి గంటలు లెక్కలోకి రాలేదని గ్రహించాలి.