మంచు కింది తల్లి చేప

న్యూ ఇంగ్లండ్‌లో చలికాలం గడ్డకట్టిన చెరువుల మీద కూర్చుని చేపలు పట్టేవాళ్లు బోలెడుమంది. ఇంత చిన్న చెరువులో అంత పెద్ద ట్రౌట్ ఎలా పెరిగిందని అడిగితే వాళ్లేమీ దాచరు. ఇక్కడ పెరగలేదు, లారీలో వచ్చింది అని నవ్వుతారు.

నిజమే. ట్రౌట్‌కి చల్లటి నీళ్లు కావాలి, ఆ నీళ్లలో ప్రాణవాయువు పుష్కలంగా ఉండాలి. 20 డిగ్రీల సెల్సియస్ దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది. లోతు లేని చెరువు ఎండాకాలంలో అంతకన్నా వేడెక్కుతుంది కాబట్టి అక్కడ అది ఏళ్ల తరబడి బతకడం అరుదు. అందుకే వన్యప్రాణి శాఖలు ఏటా హేచరీల నుంచి చేపల్ని ట్యాంకుల్లో తెచ్చి వదులుతాయి. వాటిలో మరీ పెద్దవి తరచుగా తల్లి చేపలే. రొయ్యల హేచరీల్లో మనవాళ్లు తల్లి రొయ్య అంటారే, అలాంటివన్నమాట. కొన్నేళ్లు గుడ్లిచ్చాక, ఇక చాలని బయటికి పంపేసినవి.

చెరువు గడ్డకట్టాక మరతో బెజ్జం వేసి గాలం దించుతారు. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉండి అడుక్కి దిగుతాయి. అంతకన్నా చల్లబడినవి పైన గడ్డకడతాయి. మధ్యలో చేప బతికే చోటు మిగులుతుంది. చేప ఎరని లాగితే బెజ్జం మీద చిన్న జెండా లేస్తుంది. మా ఊరి చెరువు మీద ఒక పెద్దాయన పట్టిన రెయిన్‌బో ట్రౌట్‌ని ఓసారి చేతుల్లోకి తీసుకుని చూశాను. రెక్కల అంచులు అరిగిపోయి ఉన్నాయి. సిమెంటు తొట్టెల్లో కిక్కిరిసి పెరిగితే అలా అవుతాయని ఆయనే చెప్పాడు. ఆ తొట్టె దాకా ఈ చేప ఎలా వచ్చిందో వెతకడం అప్పుడే మొదలుపెట్టాను.

కథలో మొదటి మనిషి ఈ చుట్టుపక్కలవాడే. లివింగ్‌స్టన్ స్టోన్ యూనిటేరియన్ చర్చి పాస్టరు. ఆ పని వదిలేసి న్యూ హాంప్‌షైర్‌లోని చార్ల్స్‌టౌన్‌లో కుంటలు కట్టి ట్రౌట్ పెంచాడు. అప్పటికే మిల్లుల కోసం కట్టిన ఆనకట్టలు ఇక్కడి నదుల్లో సాల్మన్ దారిని మూసేశాయి. 1871లో అమెరికా ప్రభుత్వం ఫిష్ కమిషన్‌ని పెట్టింది. ఆనకట్టలున్న నదుల్లో పసిఫిక్ సాల్మన్‌ని తెచ్చి వేద్దామన్నది వాళ్ల ఆలోచనల్లో ఒకటి. 1872లో స్టోన్ కాలిఫోర్నియా వెళ్లి మెక్‌లౌడ్ నది ఒడ్డున గుడ్లు సేకరించే కేంద్రం తెరిచాడు.

ఆ ఒడ్డేమీ ఖాళీగా లేదు. అది వినెమెమ్ వింటూల ఊరు. వినెమెమ్ అంటే నడిమి నీళ్లు. సాల్మన్ వాళ్లకి తిండీ, దైవమూ. గోల్డ్ రష్ కాలం నుంచీ తెల్లవాళ్ల చేతుల్లో చావుదెబ్బలు తిన్నవాళ్లు కదా, స్టోన్ రాకని మొదట ఒప్పుకోలేదు. తర్వాత సర్దుబాటు కుదిరింది. వాళ్లలో చాలామంది అదే కేంద్రంలో వలలు లాగే పనికి చేరారు. ఆడచేప పొట్ట నొక్కి గుడ్లు తీయాలి. వాటికి మగచేప రేతస్సు కలపాలి. గుడ్లని నాచులో పొదిగి, ఐసు పెట్టి రైలెక్కించాలి. ఖండాన్ని దాటే రైలుమార్గం 1869లో పూర్తయింది కాబట్టే ఇదంతా కుదిరింది.

సాల్మన్ తూర్పున నిలదొక్కుకోలేదు. వదిలిన పిల్లలు పెద్దవై తిరిగి రాలేదు. కానీ 1879లో స్టోన్ అదే నది మీద రెయిన్‌బో ట్రౌట్ గుడ్ల కోసం ఇంకో కేంద్రం తెరిచాడు. ఈ చేప తొట్టెలో పెట్టినా పెరిగింది, పెట్టింది తిన్నది, గాలానికీ చిక్కింది. ఇవాళ అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉంది. మద్రాస్ ప్రెసిడెన్సీ రోజుల్లోనే నీలగిరుల్లో అవలాంచ్ దగ్గర దీనికోసం హేచరీ వెలిసింది.

ఇది చేపల్ని కాపాడిన కథగానే చెప్పుకోవచ్చు. చాలా చోట్ల అలాగే చెబుతారు కూడా. నాకు మాత్రం ఇందులో ఒక ప్రమాదకరమైన ధైర్యం కనిపిస్తుంది. చేపని తొట్టెలో పుట్టించగలం కాబట్టి నది పోయినా ఫర్వాలేదు అనే ధైర్యం. ఆ ధైర్యం ఖరీదు మెక్‌లౌడ్ కట్టింది. 1938లో మొదలై 1945లో పూర్తయిన షాస్టా డ్యామ్ ఎత్తు 602 అడుగులు. సముద్రం నుంచి వచ్చే సాల్మన్‌కి పై నదులు అందకుండా పోయాయి. వినెమెమ్‌ల ఊళ్లు, పూజలు చేసుకునే చోట్లు మునిగాయి. స్టోన్ కేంద్రం ఉన్న చోటు కూడా ఆ నీళ్ల కిందే ఉంది. మునక ఊళ్ల సంగతి తెలుగువాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మంచు మీద కూర్చున్న ఆ పెద్దాయన సంతోషాన్ని నేను తప్పుపట్టను. ఆయన కట్టే లైసెన్సు రుసుముతోనే హేచరీలూ నడుస్తాయి, చెరువుల బాగోగులూ చూస్తారు. కాకపోతే ఆయన చేతిలోని చేపని ఆ చెరువు ఆరోగ్యానికి గుర్తుగా తీసుకోకూడదు. లారీ రావడం ఆగితే ఆ చెరువులో ట్రౌట్ కూడా ఆగిపోతుంది.

వినెమెమ్‌లు సాల్మన్‌ని మర్చిపోలేదు. 1900ల మొదట్లో కాలిఫోర్నియా నుంచి న్యూజీలాండ్ వెళ్లిన సాల్మన్ గుడ్లు అక్కడి నదుల్లో నిలిచాయి. 2010లో వినెమెమ్‌లు అక్కడికి వెళ్లి, రకాయా నది ఒడ్డున ఆ చేపల ముందు నాట్యం చేసి క్షమాపణ అడిగారు. 2022 ఎండాకాలంలో వాళ్లూ ప్రభుత్వ శాఖలూ కలిసి దాదాపు 40,000 సాల్మన్ గుడ్లని మెక్‌లౌడ్ ఒడ్డుకి తీసుకొచ్చారు. పిల్లలు పొదిగాయి, నదిలోకి దిగాయి. డ్యామ్ కట్టాక ఆ నీళ్లలో సాల్మన్ పిల్లలు ఈదడం అదే మొదటిసారి.

ఆ గుడ్లు వచ్చింది షాస్టా డ్యామ్ కిందున్న ఒక హేచరీ నుంచి. దాని పేరు లివింగ్‌స్టన్ స్టోన్ హేచరీ. డ్యామ్ మాత్రం ఇంకా అక్కడే ఉంది. సముద్రానికి వెళ్లిన చేప దాన్ని దాటి ఇల్లు చేరే దారి ఇంకా లేదు.