బోస్టన్ మెచ్చిన ఆటగాళ్లు

అమెరికాలోని బాస్కెట్‌బాల్ జట్లు తమ పాత ఆటగాళ్లను గౌరవించే పద్ధతుల్లో ముఖ్యమైనది, ఒక ఆటగాడు తొడుక్కున్న జెర్సీ సంఖ్యను ఆ జట్టులో మరెవరికీ ఇవ్వకుండా శాశ్వతంగా పక్కన పెట్టి, దాన్ని పతాకంపై కుట్టించి క్రీడాభవనం పైకప్పుకు వేలాడదీయడం. బోస్టన్ సెల్టిక్స్ జట్టు ఇలా పక్కన పెట్టిన సంఖ్యలు ఇరవైకి పైగా ఉన్నాయి. ఎన్‌బీఏ జట్లలో మరే జట్టుకూ ఇన్ని లేవు. అయితే ఈ పతాకాల వరుస యాజమాన్యం ఎవరిని గుర్తించిందో చెబుతుంది గాని, ఊళ్లో జనం ఎవరిని తమవాడనుకున్నారో చెప్పదు. ఆ రెండింటికీ మధ్య ఉన్న ఎడాన్ని కొలిస్తే, బోస్టన్ విషయంలో బయటపడేది ఆటకు సంబంధించిన సంగతి కన్నా ఆ నగరపు జాతి వివక్షకు సంబంధించిన సంగతే ఎక్కువ.

బాస్కెట్‌బాల్ 1891లో పుట్టింది మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే అయినా, అదే రాష్ట్రానికి రాజధాని అయిన బోస్టన్ మాత్రం ఐస్ హాకీకి మనసిచ్చిన నగరం. 1946లో పదకొండు జట్లతో కొత్త బాస్కెట్‌బాల్ లీగ్‌ను ప్రారంభించినవారిలో ఎక్కువమంది హాకీ భవనాల యజమానులూ నిర్వాహకులే కాగా, హాకీ లేని రాత్రుల్లో ఆ భవనాలు ఖాళీగా పడి ఉండకూడదన్నది వారి లెక్క. బోస్టన్ గార్డెన్ భవనాన్ని నడుపుతున్న వాల్టర్ బ్రౌన్ సెల్టిక్స్‌ను స్థాపించింది ఈ లెక్కతోనే. ఆ లీగ్ 1949లో మరో లీగ్‌తో కలిసి ఎన్‌బీఏగా మారింది. తొలి ఏళ్లలో జట్టు ఓటములతో, అప్పులతో ఈడ్చుకుంటూ వచ్చింది.

ఈ పరిస్థితిని మార్చిన బాబ్ కూజీ జట్టులోకి వచ్చింది కేవలం అదృష్టవశాత్తు. న్యూయార్క్‌లో ఫ్రెంచి వలసదారులకు పుట్టిన కూజీ, బోస్టన్‌కు పడమరగా ఉన్న వుస్టర్ పట్టణంలోని హోలీ క్రాస్ కళాశాలలో ఆడి అప్పటికే ఆ ప్రాంతమంతటా పేరు తెచ్చుకున్నాడు. 1950 డ్రాఫ్ట్‌లో, అంటే కళాశాల ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, అతన్ని తీసుకోవాలని స్థానిక పత్రికలు పట్టుబట్టినా కొత్త కోచ్ రెడ్ ఆవర్‌బాక్ ససేమిరా అన్నాడు. అదే డ్రాఫ్ట్‌లో బ్రౌన్ చక్ కూపర్‌ను ఎంచుకోవడంతో, ఎన్‌బీఏ జట్టు డ్రాఫ్ట్ చేసిన తొలి నల్లజాతి ఆటగాడిగా కూపర్ చరిత్రకెక్కాడు. కూజీపై హక్కులు చేతులు మారి చివరికి చికాగో జట్టుకు చేరగా, ఆ జట్టు మూతపడింది; దాని ఆటగాళ్లలో ముగ్గురి పేర్లు టోపీలో వేసి చీటీలు తీస్తే, బ్రౌన్ వంతుకు మిగిలింది కూజీ. కోచ్ వద్దన్నవాడినే విధి తెచ్చి ఒళ్లో పెట్టిందన్నమాట.

వీపు వెనక నుంచి బంతిని మళ్లించడం, చూపు ఒకవైపూ పాస్ మరొకవైపూ వేయడం వంటి విద్యలతో కూజీ ఆటకు వినోదాన్ని జోడించాడు. తోటి ఆటగాడు బుట్టలో బంతి వేయడానికి దారితీసే పాస్‌ను అసిస్ట్ అంటారు. ఆ లెక్కలో అతను వరుసగా ఎనిమిది సీజన్లు లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. 1963 మార్చి 17న, ఐరిష్ సంతతి నగరమైన బోస్టన్‌కు పెద్ద పండుగ అయిన సెయింట్ పాట్రిక్ దినాన, అతనికి జరిగిన వీడ్కోలు సభలో కూజీ మాట పెగలక ఏడుస్తుంటే, గ్యాలరీ నుంచి ఒక అభిమాని తామంతా అతన్ని ప్రేమిస్తున్నామని అరిచిన అరుపు ఆ నగరపు క్రీడా జ్ఞాపకాల్లో స్థిరపడిపోయింది.

అలాంటి అరుపు అతని నల్లజాతి సహచరుడు బిల్ రస్సెల్ కోసం వినిపించలేదు. కూజీ ఒక్కడే ఉన్న ఆరు సీజన్లలో జట్టు ఒక్కసారి కూడా టైటిల్ గెలవలేదు. లూసియానాలో పుట్టి, శాన్ ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయాన్ని రెండుసార్లు జాతీయ విజేతగా నిలిపి, మెల్‌బోర్న్ ఒలింపిక్ స్వర్ణంతో 1956 డిసెంబర్‌లో వచ్చిన రస్సెల్ ఆడిన పదమూడు సీజన్లలో జట్టు పదకొండు టైటిళ్లు గెలిచింది. అతని గొప్పతనం ప్రధానంగా ప్రత్యర్థి షాట్లను అడ్డుకోవడంలో, రీబౌండ్లలో, అంటే గురి తప్పి వెనక్కి వచ్చిన బంతిని చేజిక్కించుకోవడంలో ఉంది. రీబౌండ్లు 21,620 అని లెక్క ఉంది గాని, అడ్డుకున్న షాట్లను అధికారికంగా లెక్కించడం 1973 దాకా మొదలే కాలేదు కాబట్టి, అతని ఆటలో సగం ఏ పట్టికలోనూ దొరకదు. పట్టికలో లేనిదాన్ని అభిమాని కళ్లారా చూసి గుర్తించాలి. బోస్టన్ అభిమాని మాత్రం, టైటిళ్లు వరుసగా వస్తున్న ఆ రోజుల్లోనే, అట్టడుగున ఉన్న హాకీ జట్టు కోసం గార్డెన్‌ను కిక్కిరిసేలా నింపి, సెల్టిక్స్ ఆటకు వేల సీట్లు ఖాళీగా వదిలాడు.

రెడింగ్ అనే శివారు పట్టణంలోని రస్సెల్ ఇంట్లో దుండగులు చొరబడి, గోడల మీద జాతి దూషణలు రాసి, పడకను మలంతో అపవిత్రం చేసి పోయారు. రస్సెల్ పౌరహక్కుల గురించి నిర్మొహమాటంగా మాట్లాడాడు, ఆటోగ్రాఫులు ఇవ్వడం మానేశాడు, అభిమానుల మెప్పు తనకు అక్కర్లేదన్నట్టు నడుచుకున్నాడు. ఇదంతా పొగరు కింద జమ అయింది. ఇంతకన్నా విచిత్రమేమిటంటే, ఆ జట్టు నడవడి నగరం కన్నా ఎంతో ముందుంది. 1964 డిసెంబర్ 26న సెయింట్ లూయిస్‌లో ఐదుగురూ నల్లజాతివారే ఉన్న జట్టుతో ఆట ఆరంభించడం, 1966లో నల్లజాతివాడైన రస్సెల్‌నే కోచ్‌గా నియమించడం, ఈ రెండూ ఎన్‌బీఏలో అంతకు ముందు జరగనివి. 1972లో 6వ సంఖ్య పతాకాన్ని ఎగరేయడానికి రస్సెల్ ఒప్పుకున్నది, ప్రేక్షకులు లోపలికి రాకముందే, తోటి ఆటగాళ్ల మధ్య అయితేనే. అది ఆ నగరానికి న్యాయమైన జవాబే.

తెల్లజాతి ఆటగాళ్లకు దక్కిన ప్రేమ అంతా రంగు వల్ల వచ్చిందేనని తేల్చేయడం మాత్రం అన్యాయం. 1965 ఏప్రిల్ 15న ఫిలడెల్ఫియాతో పోరులో ఐదు సెకన్లు మిగిలి, సెల్టిక్స్ ఒక్క పాయింటు ఆధిక్యంలో ఉండగా, రస్సెల్ లోపలికి వేసిన బంతి బోర్డును పట్టి ఉంచే తీగకు తగిలి ప్రత్యర్థి పాలైంది. వాళ్లు వేసిన పాస్‌ను జాన్ హావ్లిచెక్ చేయి అడ్డుపెట్టి తప్పించాడు. రేడియో వ్యాఖ్యాత జానీ మోస్ట్ గొంతు చించుకుని చేసిన ఆ ప్రసారం తర్వాత గ్రామఫోన్ రికార్డుగా కూడా వచ్చింది. 1953 నుంచి 1990 దాకా పక్షపాతాన్ని దాచుకోకుండా ఆటను వినిపించిన మోస్ట్, ఊరి ఇష్టాయిష్టాలను తీర్చిదిద్దడంలో ఏ ఆటగాడికీ తీసిపోడు. హావ్లిచెక్ కూడా ఆ ఇష్టానికి పదహారు సీజన్ల అలుపెరుగని పరుగుతో అర్హుడయ్యాడు.

జిమ్ లస్కటాఫ్ కథ వేరు. ఇతను ప్రత్యర్థుల దురుసుతనం నుంచి తోటివారిని కాపాడే మొరటు ఆటగాడు. పాయింట్ల పట్టికలో చెప్పుకోదగ్గ స్థానం లేదు, టైటిళ్లు మాత్రం ఏడు. తన 18వ సంఖ్య తర్వాతివారికి దక్కాలని కోరడంతో, పతాకంపై అంకెకు బదులు అతని ముద్దుపేరు లస్కీ కుట్టించారు. ఆ సంఖ్య తొడుక్కున్న డేవ్ కౌవెన్స్ 1970లలో రెండు టైటిళ్లలో భాగస్వామి కాగా, చివరికి 18ని అతని పేరున పక్కన పెట్టారు. మొత్తం వరుసలో ఎక్కువ చెప్పేది అంకె లేని ఆ పతాకమే.

1974లో పాఠశాలల్లో జాతుల వేర్పాటును తొలగించడానికి పిల్లలను బస్సుల్లో ఇతర పేటల బడులకు పంపాలన్న కోర్టు ఆదేశంపై బోస్టన్ వీధులు అట్టుడికాయి. ఐదేళ్ల తర్వాత ఆట మొదలుపెట్టిన లారీ బర్డ్ మూడు టైటిళ్లతో గార్డెన్‌ను నింపాడు. అయితే 1986లో గెలిచిన జట్టులో పన్నెండు మందిలో ఎనిమిది మంది తెల్లవారు కావడంతో, నగరంలోని నల్లజాతి పేటల్లో చాలామంది ప్రత్యర్థి జట్టు లాస్ ఏంజిలస్ లేకర్స్ పక్షం వహించారు. బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో చదివి, 1993లో గుండెజబ్బుతో హఠాత్తుగా మరణించిన రెగీ లూయిస్ మాత్రం ఒక్క టైటిలూ లేకుండానే ఊరందరివాడయ్యాడు.

1999లో రస్సెల్ సంఖ్యను మరోసారి, ఈసారి జనం ముందు ఎగరేశారు. 2013లో సిటీ హాల్ ప్లాజాలో విగ్రహం నిలిపారు. 2016లో ఎనభై ఏడేళ్ల కూజీ, కెప్టెన్‌గా ఉన్న రోజుల్లో తాను రస్సెల్‌కు అండగా మరింత చేసి ఉండవలసిందని ఒప్పుకుంటూ అతనికి ఉత్తరం రాశాడు. చాలాకాలం తర్వాత రస్సెల్ నుంచి ఫోన్ వచ్చింది.